చెయ్యి కాదు... నడుం కొట్టాలి!

టెన్నిస్‌లో ఫోర్‌హ్యాండ్ దేంతో కొడతారు? ‘ఇదేం ప్రశ్న... చేత్తో!’ అంటారు కదూ. రాకెట్ ఉండేది చేతిలో. బంతి తగిలేది రాకెట్‌కి. కాబట్టి కొట్టేది చెయ్యే. లెక్క సరిపోయింది!

సికింద్రాబాద్‌లో మా అమ్మాయికి టెన్నిస్ నేర్పే పెద్దాయన మాత్రం ఈ లెక్క ఒప్పుకోరు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఈస్ట్ మారేడ్‌పల్లిలో ఓ సందు చివరున్న సిమెంటు కోర్టులో పొద్దున ఆరు కొట్టకముందే ఆయన గొంతు మోగుతుంటుంది. ‘చెయ్యితోని కాదు బిడ్డా... నడుముతోని కొట్టు! నడుము తిరిగితే చెయ్యి దాని ఎంబడి అదే వస్తది.’

రెండేళ్లుగా వారానికి మూడ్రోజులు ఆ కోర్టు గట్టు మీద కూర్చుంటున్నాను. ఫీచర్లు రాసేవాళ్లకి ఓ అలవాటుంటుంది. ఒకే మాట పదిసార్లు వింటే దాని వెనక ఏముందో తవ్వకుండా ఉండలేరు. అలా తవ్వుతూపోతే ‘నడుం’ అనే ఆ రెండక్షరాల వెనక బోలెడంత భౌతికశాస్త్రం దొరికింది. మన పల్లెల్లోని పొలాలు దొరికాయి. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ల కథ కూడా దొరికింది.

నేల నుంచి మొదలు

ముందు లెక్కలు చూద్దాం. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాములు. అంటే ఓ కోడిగుడ్డంత. రాకెట్ బరువు దాదాపు 300 గ్రాములు. ఈ రెండూ కలిసుండేది ఎంతసేపనుకున్నారు... సుమారుగా సెకనులో 200వ వంతు. కన్ను మూసి తెరిచేలోపు అలాంటివి ఇరవై దాకా అయిపోతాయి. అంత తక్కువ సమయంలో బంతిని ‘తొయ్యడం’ కుదిరే పని కాదు. రాకెట్ ఎంత వేగంతో వచ్చి తగిలిందన్నదే ముఖ్యం. మరి ఆ వేగం ఎక్కడ పుడుతుంది?

కావాలంటే ఇప్పుడే లేచి ఓ చిన్న ప్రయోగం చేయండి. కాళ్లు కదపకుండా, భుజాలు తిప్పకుండా చేత్తో మాత్రమే ఓ దిండు విసరండి. తర్వాత ఒంటిని ఓ పక్కకి పూర్తిగా తిప్పి, మళ్లీ ఇటు తిరుగుతూ విసరండి. తేడా మీకే తెలుస్తుంది. మొదటిసారి మంచం దాటని దిండు రెండోసారి గోడకి తగులుతుంది. (టీవీ ఉన్న గోడ వైపు మాత్రం వద్దు!)

ఎందుకలా? జబ్బ కండరాలు చిన్నవి. తొడలు, పిరుదులు, పొట్ట పక్కల కండరాలు పెద్దవి. బలమంతా కిందే ఉంది. దాన్ని పైకి తెచ్చే దారే మొండెం తిరగడం. ఆటగాడు పాదంతో నేలని నొక్కుతాడు. నేల అంతే బలంతో తిరిగి నెడుతుంది. ఆ బలం కాళ్లలోంచి తుంటికి, తుంటి నుంచి మొండేనికి, అక్కణ్నుంచి భుజానికి, మోచేతికి, మణికట్టుకి... చివరికి రాకెట్‌కి చేరుతుంది. రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. దీన్నే కోచ్‌లు ‘కైనెటిక్ చైన్’ అంటారు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది... తుంటీ భుజాలూ ఒకేసారి తిరగకూడదు. బంతి అవతలి రాకెట్‌ని వదలగానే కుడిచేతి వాటం ఆటగాడు భుజాల్ని కుడి పక్కకి బాగా తిప్పేస్తాడు. తుంటి కూడా తిరుగుతుంది కానీ అంత కాదు. కొట్టే సమయానికి తుంటి ముందుగా బంతివైపు కదులుతుంది. భుజాలు ఇంకా వెనకే ఉంటాయి. ఆ కాస్త ఎడంలో పొట్ట పక్కల కండరాలు రబ్బరు బ్యాండులా సాగుతాయి. సాగింది ఊరుకుంటుందా... ఒక్కసారిగా లాగేస్తుంది. సాగదీసి ఎక్కువసేపు ఆగితే మాత్రం ఆ బలం చల్లారిపోతుంది. అందుకే మంచి ఆటగాళ్ల ఊపు ఎక్కడా తెగదు.

రెండోది మరీ తమాషా. మొండెం తిరుగుతూనే ఉండిపోకూడదు. సరైన క్షణానికి నెమ్మదించాలి! చర్నాకోల చూశారుగా... పిడి ఊగి ఆగుతుంది. అప్పుడే కొస ‘ఛళ్’మంటుంది. బంతికి రాకెట్ తగిలే ముందు మొండెం వేగం తగ్గుతుంటే ఆ ఊపంతా చేతికి బదిలీ అవుతుంది. అప్పుడు జబ్బ భుజం కీలులో లోపలికి గిర్రున తిరుగుతుంది. రాకెట్ ఆఖరి వేగంలో పెద్ద వాటా ఈ జబ్బ తిరగడానిదేనని ఆస్ట్రేలియాకి చెందిన బ్రూస్ ఇలియట్ బృందం అధ్యయనాల్లో తేలింది. అయితే చెయ్యే గొప్పదన్నమాట అనకండి. ముందు మొండెం తిరక్కపోతే ఆ జబ్బకి అంత ఊపు రాదు. పెళ్లికొడుకు గుర్రమెక్కి ఊరేగుతాడు సరే... పెళ్లి చేసేది ఇంట్లోవాళ్లే కదా!

అమెరికా వైద్యుడు బెన్ కిబ్లర్ 1990ల్లో టెన్నిస్ సర్వీసు మీద ఒక లెక్క కట్టారు. అందులో పుట్టే శక్తిలో సగానికి పైగా కాళ్లు, తుంటి, మొండెం నుంచే వస్తుందట. అక్కణ్నుంచి అందే శక్తి 20 శాతం తగ్గితే, అదే దెబ్బ కొట్టడానికి భుజం 34 శాతం ఎక్కువ వేగంగా తిరగాలట. ఆయన చెప్పింది సర్వీసు సంగతే అయినా, సూత్రం ఫోర్‌హ్యాండ్‌కీ అదే. నడుం ఎగ్గొట్టిన పని భుజం నెత్తిన పడుతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి. మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి అవసరమవుతుంది.

సికింద్రాబాద్ ఫోర్‌హ్యాండ్

ఫోర్‌హ్యాండ్ గురించి ఈ ఊళ్లో మాట్లాడుతూ సానియా మీర్జాని తలవకపోతే ఎలా? ఆమె నాకన్నా ఒక్క ఏడాదే పెద్ద. సికింద్రాబాద్‌లోని సిన్నెట్ టెన్నిస్ అకాడమీలో ఆడి పైకొచ్చిన అమ్మాయి. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. మార్చిలో దుబాయ్‌లో, అప్పటికి యూఎస్ ఓపెన్ విజేతగా ఉన్న కుజ్నెత్సోవాని ఓడించింది. అప్పుడు మా కాలేజీ అమ్మాయిల్లో సగంమందికి ముక్కుపుడకలు వచ్చేశాయి. ఫోర్‌హ్యాండ్ మాత్రం ఎవరికీ రాలేదు!

అంతకుముందు మన టెన్నిస్ అంటే మెత్తని చేతుల ఆట. 1960, 61ల్లో వింబుల్డన్ సెమీస్ ఆడిన రామనాథన్ కృష్ణన్, ఆయన కొడుకు రమేశ్ బంతిని కొట్టరు, నిమురుతారు అని పేరు. పచ్చిక కోర్టులు, చెక్క రాకెట్ల కాలం అది. పక్కకి తిరిగి నిలబడి, ముందు కాలు బంతివైపు వేసి, ఒంటి బరువుని తిన్నగా ముందుకి తోసేవారు. గ్రాఫైట్ రాకెట్లొచ్చాయి. బంతి వేగం పెరిగింది. అడుగు ముందుకేసే తీరిక పోయింది. కాళ్లు ఎడంగా పెట్టి, దాదాపు నెట్‌కి ఎదురుగా నిలబడి, నడుం పైభాగాన్ని బొంగరంలా తిప్పి కొట్టే ‘ఓపెన్ స్టాన్స్’ పద్ధతి వచ్చింది. బంతి మీద గుండ్రంగా తిరిగే ఊపు కూడా అలాగే పెరిగింది. జాన్ యాండెల్ అనే అమెరికన్ హైస్పీడ్ కెమెరాలతో లెక్కపెడితే, నాదల్ ఫోర్‌హ్యాండ్ సగటున నిమిషానికి దాదాపు 3,200 చుట్లు తిరిగింది. సంప్రాస్, అగస్సీలవి రెండు వేలకి లోపే!

ఆ కొత్త ఆటని మన వీధుల్లోంచి వెళ్లి పెద్దవాళ్ల మీద ఆడి చూపించిన అమ్మాయి సానియా. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకుకి చేరింది. కీళ్లు మామూలు కన్నా ఎక్కువగా వంగే శరీరం ఆమెది. ఆ మణికట్టు విసురు వేరేవాళ్లకి అరువొచ్చేది కాదు. 2008లో అదే కుడి మణికట్టుకి శస్త్రచికిత్స జరిగింది. బీజింగ్ ఒలింపిక్స్ మ్యాచ్ మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు! 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ ఆడి, మార్చి 5న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో సొంతవాళ్ల ముందు వీడ్కోలు మ్యాచ్ ఆడింది. ఆ ఇరవై ఏళ్లలో ఆమె ఫోర్‌హ్యాండ్ మీద కన్నా స్కర్టు పొడవు మీద ఎక్కువ వాదనలు జరిగిన రోజులూ ఉన్నాయి. ఆ సంగతి ఎందుకెత్తానంటే...

ఆ ఎడమ చెయ్యి ఏమైంది?

మా అమ్మాయికి పన్నెండేళ్లు. తొమ్మిదో ఏట రాకెట్ పట్టింది. ఛాంపియన్ అవుతుందని మేమెవరం అనుకోలేదు. కానీ దాని ఫోర్‌హ్యాండ్ అంటే కోర్టులో అందరికీ ముచ్చట. బంతి బేస్‌లైన్ దగ్గర పడి లేచేది. పోయిన వేసవిలో అది మారిపోయింది. బంతులు కోర్టు మధ్యలోనే పడుతున్నాయి. గట్టిగా కొట్టబోతే నెట్‌లోకి. నెల తిరిగేసరికి కుడి భుజం నొప్పి. ‘ఇంక మానేస్తానమ్మా’ అంది ఓ రాత్రి, నా ముఖం చూడకుండా.

కోచ్ గారు దాన్ని కూర్చోబెట్టి నన్ను పక్కకి పిలిచారు. ‘బిడ్డ ఎడమ చెయ్యి చూసిన్రా అమ్మా?’ అన్నారు. ఫోర్‌హ్యాండ్‌కి ఎడమ చేతితో పనేమిటి? చాలా పనుంది. భుజాలు తిరిగేటప్పుడు ఎడమ చెయ్యి రాకెట్‌ని కాసేపు పట్టుకునే ఉండాలి. ఆ తర్వాత ఒంటికి అడ్డంగా, నెట్‌కి సమాంతరంగా చాచి ఉండాలి. ఎడమ చెయ్యి చాస్తేనే ఎడమ భుజం తిరుగుతుంది. కొట్టేటప్పుడు దాన్ని చటుక్కున పొట్ట దగ్గరికి మడిస్తే ఒళ్లు ఇంకా వేగంగా తిరుగుతుంది. నాట్యం చేసే అమ్మాయి గిర్రున తిరుగుతూ చేతులు దగ్గరికి లాక్కుంటే వేగం పెరిగినట్టు.

మా అమ్మాయి ఎడమ చెయ్యి చాచడం మానేసింది. దాన్ని ఛాతీకి అడ్డంగా, ముడిచి పెట్టుకుంటోంది. భుజాలు ముందుకి వంగిపోయాయి. వదులుగా ఉండే చొక్కాని ప్రతి దెబ్బకీ ఓసారి ముందుకి లాక్కుంటోంది. ‘పన్నెండు, పదమూడు వచ్చినంక చానామంది ఆడపిల్లలు గిట్లనే ముడుచుకుంటరమ్మా. ఆట రాక కాదు. ఛాతీ తెరవనీకి సిగ్గు. అక్కడ్నే సగం మంది పోతరు’ అన్నారాయన. ఎంతమందిని చూశారో ఆ గొంతులో తెలిసింది.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. ఆ ఏప్రిల్‌లో ఒక పెళ్లిలో చుట్టాలావిడ అందరి ముందూ అన్న మాటది. ‘ఇంత ఎదిగినంక గా పొట్టి నిక్కర్లేంది, గా దుంకుడేంది? జర ఒదిగి ఉండాలె.’ మా అత్తమ్మ కూడా ‘గామె అన్నదాంట్ల తప్పేమున్నది’ అంది. అంతే! ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఒదిగి ఉండమన్నారు. పిల్ల ఒదిగింది. నడుం తిరగడం మానేసింది. ఆ పనంతా పన్నెండేళ్ల భుజం మీద పడింది.

ఈ ఒదగడం నాకు కొత్తేమీ కాదు. ‘నడుం తిప్పుతూ నడవకు’ అని విననిదెవరు? ఇంటర్‌లో ఉండగా పరేడ్ గ్రౌండ్స్ మీదుగా వెళ్లే బస్సులో పుస్తకాలు ఛాతీకి హత్తుకుని, భుజాలు దగ్గరికి లాక్కుని నిలబడేవాళ్లం. డిప్లొమా చేసి డెస్కులో చేరాక కంప్యూటర్ ముందు అదే భంగిమ కొనసాగింది. మా తరం ఆడవాళ్లలో చాలామందికి ఒళ్లు ముందుకి వంగడం తెలుసు. తిరగడం తెలీదు.

ఒడిసెల పాఠం

నొప్పి తగ్గేదాకా రాకెట్ పట్టొద్దని డాక్టర్ చెప్పారు. తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పిన విషయం ఆశ్చర్యంగా అనిపించింది. మనం ‘నడుం తిప్పడం’ అంటాం కానీ, అసలు నడుం దగ్గరుండే అయిదు వెన్నుపూసలూ కలిసి ఓ పక్కకి తిరిగేది పది పదిహేను డిగ్రీలే! తిరగాల్సింది కింద తుంటి కీళ్లు, పైన పక్కటెముకలుండే వెన్ను భాగం. భుజాలు ముడుచుకుని వంగితే ఆ పైభాగం బిగుసుకుపోతుంది. అప్పుడు బలవంతంగా తిరగబోతే నడుం నొప్పి, లేదంటే భుజం నొప్పి. నిటారుగా, ఛాతీ తెరిచి నిలబడితేనే ఒళ్లు తిరుగుతుంది. ఒదిగి ఉండటం, ఫోర్‌హ్యాండ్... రెండూ ఒక ఒంట్లో ఇమడవు.

ఇదంతా ఓ సాయంత్రం మా అమ్మాయికి వివరిస్తున్నాను. మంచమ్మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న అత్తమ్మ అంతా వింటూనే ఉంది. ఆమెది గజ్వేల్ దగ్గర పల్లె. ‘గింతేనా? గిది మేం ఒడిసెల తిప్పినట్టే కదనే!’ అంది ఉన్నట్టుండి.

ఒడిసెల తెలుసా? జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి వాడే తాటి పరికరం. మధ్యలో అల్లిన చిన్న జోలె, అందులో రాయి. రెండు కొసలూ చేతిలో పట్టుకుని తిప్పి, ఒక కొస వదిలితే రాయి చేను దాటుతుంది. అత్తమ్మ లేచింది. నా చున్నీ అడిగి, మధ్యలో నిమ్మకాయ పెట్టి మడిచింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఎప్పుడూ కొంగు భుజాల చుట్టూ కప్పుకునే మనిషి, ఆ కొంగు తీసి బొడ్లో దోపింది. కాళ్లు ఎడంగా పెట్టింది. ఎడమ చెయ్యి ముందుకి చాచింది. తుంటి ముందు కదిలింది, భుజం వెనకొచ్చింది, చున్నీ గాల్లో ఈల వేసింది. నిమ్మకాయ మా బాల్కనీ దాటి ఎదురు అపార్ట్‌మెంటు వాటర్ ట్యాంకుకి తగిలింది!

మా అమ్మాయి నోరు తెరిచింది. ‘నానమ్మా... నీకు ఓపెన్ స్టాన్స్ ఎవరు నేర్పారు?’

‘పిట్టలు నేర్పినయ్’ అంది అత్తమ్మ. ‘ఒదిగి నిలవడితే రాయి కాళ్ల మీదనే పడుతుండె. నాయిన తిడుతుండె. పంట పోతది మరి!’ ఆ మాటన్నాక ఆమే కాసేపు ఏమీ మాట్లాడలేదు. పెళ్లయ్యాక ఒడిసెల ముట్టలేదట. ‘అత్తగారింట్ల ఆడోళ్లు మంచె ఎక్కొద్దన్నరు’ అంది చివరికి. చిక్కుడుకాయల గిన్నె మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. నిక్కర్ల ప్రస్తావన ఆ రోజు తర్వాత ఆమె నోట మళ్లీ రాలేదు.

తర్వాత మేం చేసినవి పెద్ద పనులేమీ కావు. అమ్మాయిని తీసుకెళ్లి ఆటకి సరిపోయే లోదుస్తులు కొన్నాం. చాలా ఇళ్లలో పిల్లలు నోరు తెరిచి అడగలేని అవసరం అది. ఆట మానేయడానికి అదొక్కటే కారణమైన పిల్లలూ ఉంటారు. కోచ్ గారు నెలపాటు బంతి కొట్టనివ్వలేదు. రెండు చేతులతో బరువు బంతి పట్టుకుని, ఒళ్లు తిప్పి గోడకేసి విసిరించారు. చేతులు రెండూ బంతి మీదుంటే తిరగాల్సింది మొండేమే కదా! ఆ తర్వాత రాకెట్. ‘ఎడమ చెయ్యి కంచెను చూపియ్యాలె... భుజం గడ్డం కిందికి రావాలె... తలకాయ కదలొద్దు’ అంటూ మూడే మాటలు. ఆ ఆఖరిది మర్చిపోవద్దు. ఒళ్లంతా తిరిగినా బంతి తగిలే చోటునే చూస్తూ తల నిలబడాలి. ఫెదరర్ ఫొటోలు చూడండి. అంత ఊపులోనూ తల మాత్రం చెక్కిన బొమ్మలా ఉంటుంది.

నొప్పి పోయింది. బంతి మళ్లీ బేస్‌లైన్ దగ్గర పడుతోంది, రోజూ కాదు కానీ ఎక్కువ రోజులు. పోయిన నెల ఒక చిన్న పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయింది. ఇంటికొచ్చి ఏడవలేదు. అవతలి అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ బాగుందని అరగంట చెప్పింది. మానేస్తానన్న మాట మాత్రం ఎత్తలేదు.

ఇంతకీ నా సంగతి? పెద్దబ్యాచ్ వెళ్లాక, ఏడున్నర నుంచి ఎనిమిది వరకూ కోర్టు ఖాళీగా ఉంటుంది. నెలకి కొంత కట్టి నేనూ చేరాను. ముప్ఫై ఎనిమిదేళ్ల వెన్ను అంత తేలిగ్గా మాట వినదు. తిప్పితే ముందు పటపటమంటుంది, తర్వాత ఆలోచించి, ఓ అంగుళం కదులుతుంది. ‘తిరుగుతది అమ్మా, టైం పడతది. ముప్పై ఏండ్లు బిగవట్టిన నడుము గది’ అన్నారు కోచ్ గారు. ఆ మధ్య ఒక బంతి రాకెట్ మధ్యలో తగిలి, నేనేమీ బలం పెట్టకుండానే, వెనక కంచెకి వెళ్లి తగిలింది. చెయ్యి తేలిగ్గా ఉంది. అరికాళ్లు మాత్రం మండుతున్నాయి.

మీ ఇంట్లో ఈ మధ్య ఆట మానేస్తానంటున్న అమ్మాయి ఉంటే, మార్కుల గురించో బద్ధకం గురించో మాట్లాడే ముందు ఓసారి కోర్టు గట్టు మీద కూర్చుని చూడండి. బంతిని కాదు. ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడండి.